కైఫియత్తులు – దేవమాన్యముల చరిత్ర



వేదము గురుముఖమున నేర్వవలసినది. వ్రాతను చూచి చదువువానిని పాణినీయశిక్ష అధమపాఠకులలో చేర్చినది. కాని భూదానము విషయమున మన పెద్దలు వేరొక మాట చెప్పినారు. రాజు భూమిని ఇచ్చునపుడు వస్త్రముపైన గాని రాగిరేకుపైన గాని వ్రాయించి, ముద్ర వేసి, రాబోవు రాజులకు తెలియునట్లు చేయవలెనని యాజ్ఞవల్క్యస్మృతి విధించినది. మంత్రమునకు నోరు చాలును గాని మాన్యమునకు పత్రము కావలెను.

అట్టి పత్రములలో కైఫియత్తులు మనకు మిక్కిలి దగ్గరివి. కైఫియత్తు అనగా స్థితిగతుల వివరణ. కచేరీ భాష నుండి వచ్చిన మాట. కుంఫిణీ సర్వేయరైన కల్నల్ కాలిన్ మెకంజీ (1754–1821) ఊరూరికి మనుషులను పంపి వ్రాయించిన గ్రామచరిత్రలకు ఆ పేరు నిలిచినది. కరణముల ఇండ్లలో తరతరములుగా వచ్చిన దండకవిలెలు వీనికి ముఖ్యాధారము.

మెకంజీకి దేశభాషలు రావు. ఆయనకు కన్నులైనవారు ఏలూరు ప్రాంతపు కావలి సోదరులు: వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. బొర్రయ్య ముప్పది యేండ్లు నిండకుండగనే 1803లో గతించినాడు. భారతీయ విద్యాద్వారము తనకు తెరచుకొన్నది అతని పరిచయము వలననే అని మెకంజీ 1817లో అలెగ్జాండర్ జాన్‌స్టన్‌కు వ్రాసిన లేఖలో ఒప్పుకొనినాడు.

కైఫియత్తు సాధారణముగా స్థలమాహాత్మ్యముతో మొదలగును. ఋషి తపస్సు, జనమేజయుని ప్రతిష్ఠ, అటుపిమ్మట అడవి కొట్టి ఊరు కట్టిన వైనము, రాజుల వరుస, నవాబులు, కుంఫిణీ. వీని నడుమ అసలు ధనమున్నది: ఏ శకవర్షమున ఎవరు ఏ దేవుని ధూపదీప నైవేద్యములకు ఎంత భూమి ఇచ్చినారు, అర్చకునకెంత, భజంత్రీలకెంత, ఆ మాన్యము ఎవరి ఏలుబడిలో జప్తయినది.

జనమేజయుని కథను భక్తితో వినుడు, చరిత్రగా ఎంచవద్దు. ఇట్లనుట కొందరికి రుచింపకపోవచ్చును. రాజుల వరుసలోని తప్పులను చూపి కైఫియత్తునే త్రోసివేయు పండితులును ఉన్నారు, అదియు తొందరపాటే. కరణమునకు విజయనగర రాజుల క్రమము తప్పవచ్చును గాని తన ఊరి చెరువు క్రింద దేవుని మడి ఎంతయో తెలియకపోదు. అయితే సర్కారు మనిషి యెదుట మాన్యము నిలుపుకొనవలెనన్న ఆశ ఆ కరణమునకు లేదనలేము. కనుక శాసనముతో పోల్చి చూడవలెను. మెకంజీ సేకరణలో శాసనముల నకళ్లే 8,076 ఉన్నవి.

1821లో మెకంజీ మరణించగా ప్రభుత్వము ఆ సంపదను లక్ష రూపాయలకు కొన్నది. విల్సను 1828లో పట్టిక అచ్చువేసినాడు. ఆ పనిని తాను కొనసాగింతునని లక్ష్మయ్య కోరినాడు. కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పెద్దలు 1836 ప్రాంతమున అతని యోగ్యత చాలదని తేల్చినారు. ఊరూర తిరిగి, వచ్చిన పత్రములన్నియు చేతితో పట్టి చూచినవానికి యోగ్యత చాలలేదట! ఆ పని టెయిలరు అను క్రైస్తవ మతగురువునకు దక్కినది.

తరువాత మదరాసులో ఆ కాగితములు శిథిలమగుచుండగా సి.పి. బ్రౌను పూనుకొని నకళ్లు వ్రాయించినాడు. లోకల్ రికార్డ్సు అని పిలువబడు ఆ సంపుటములు మదరాసు ప్రాచ్యలిఖిత పుస్తకాలయమునకు చేరినవి. కడపలో బ్రౌను పేరిట వెలసిన భాషాపరిశోధన కేంద్రము ఆ జిల్లా కైఫియత్తులను సంపుటములుగా అచ్చువేసినది.

1984లో కరణముల పదవులు రద్దయినవి. వారి ఇండ్ల అటకలపైన, మన దేవాలయముల పెట్టెలలోను పాత కవిలెకట్టలు, సనదులు ఉన్నచో, చెదలు పట్టకమునుపే ధర్మకర్తలకు చూపవలెనని కోరుచున్నాను. మూలము మీ యింటనే ఉండనిండు. ఒక్క నకలు తీయించుకొననిచ్చిన చాలును.