సూపర్‌హీరో కథలు: నాయక, ప్రతినాయకుల నైతిక సందిగ్ధత

అమెరికా కామిక్ పుస్తకాల్లో పుట్టిన సూపర్‌హీరో కథల్లో మంచివాడు, చెడ్డవాడు అన్న విభజన మొదట్లో అంత స్పష్టంగా లేదు. 1954 నాటి నియమావళి దాన్ని బిగించింది. తరువాతి రచయితలు క్రమంగా సడలించారు.

తొలి దశ: క్లీవ్‌లాండ్ విద్యార్థులు జెర్రీ సీగెల్, జో షుస్టర్ 1933లో తమ సొంత పత్రికలో ఒక కథ వేశారు. ఉచిత భోజనం కోసం వరుసలో నిలబడిన నిరుపేద ఒకడు శాస్త్రజ్ఞుడి ప్రయోగం వల్ల మనసులను లొంగదీసుకునే శక్తి పొంది, ప్రపంచాన్నే ఏలాలనుకుంటాడు. ఆ దుష్టుడి పేరు సూపర్‌మ్యాన్. 1938లో యాక్షన్ కామిక్స్ తొలి సంచికలో అదే పేరు నాయకుడికి దక్కింది. ఈ కొత్త సూపర్‌మ్యాన్ కూడా చట్టాన్ని పెద్దగా లెక్కచేయడు. కార్మికుల భద్రత పట్టని గని యజమానిని, అతని అతిథులతో సహా, అదే గనిలో ఇరికించి బుద్ధి చెబుతాడు. మరో పత్రిక 1939 మే సంచికలో బాబ్ కేన్, బిల్ ఫింగర్ పరిచయం చేసిన బ్యాట్‌మ్యాన్ మరింత కఠినుడు. తొలి కథలోనే అతని దెబ్బకు నేరస్థుడొకడు ఆమ్లపు తొట్టిలో పడి చనిపోతాడు, బ్యాట్‌మ్యాన్ విచారించడు. కొంతకాలానికి సంపాదకుడు విట్నీ ఎల్స్‌వర్త్ అతని చేత హత్యలు చేయించరాదని కట్టడి చేశాడు. అదే 1939లో బిల్ ఎవరెట్ సృష్టించిన సముద్ర రాకుమారుడు నేమోర్ తన జాతికి జరిగిన అన్యాయానికి ప్రతీకారంగా న్యూయార్క్‌పై విరుచుకుపడ్డాడు, ఆపై నాజీలతో పోరాడాడు.

నియమావళి: కామిక్స్ బాలలను చెడగొడుతున్నాయని మానసిక వైద్యుడు ఫ్రెడరిక్ వెర్థమ్ 1954లో పుస్తకం రాశాడు. సెనేట్ ఉపసంఘం విచారణ జరిపింది. ప్రభుత్వ ఆంక్షలకు జడిసిన ప్రచురణకర్తలు తామే 'కామిక్స్ కోడ్' రాసుకున్నారు. దాని ప్రకారం ప్రతి కథలోనూ మంచే గెలవాలి, నేరస్థుడిపై సానుభూతి కలగకూడదు, పోలీసులను, న్యాయమూర్తులను కించపరచకూడదు. ఈ పరిధిలోనే స్టాన్ లీ, జాక్ కిర్బీ 1962లో నేమోర్‌ను తిరిగి తెచ్చారు. అదే ఏడాది లీ, స్టీవ్ డిట్కో కథలో స్పైడర్‌మ్యాన్ స్వార్థంతో ఒక దొంగను వదిలేస్తాడు, ఆ దొంగ చేతిలోనే అతని బాబాయి చనిపోతాడు. 1971లో కోడ్ సడలింది. 1974లో, నేరస్థులను చంపడమే పనిగా పెట్టుకున్న పనిషర్ వచ్చాడు.

మాగ్నెటో: ఈ చరిత్రలో అత్యంత లోతైన పాత్ర ఇదే. 1963లో ఎక్స్‌మెన్ అనే సూపర్‌హీరోల బృందానికి శత్రువుగా పుట్టిన మాగ్నెటోకు క్రిస్ క్లేర్‌మాంట్ 1981లో ఒక గతాన్ని ఇచ్చాడు. ఎక్స్‌మెన్ పత్రిక 150వ సంచికలో అతడు కిటీ ప్రైడ్ అనే బాలికను దాదాపు చంపేసి, తానేం చేశాడో గ్రహించి కుప్పకూలుతాడు. ఆష్విట్జ్‌లో నాజీలకు తన వారిని కోల్పోయిన సంగతి అక్కడే బయటపడుతుంది. 1985లో, 200వ సంచికలో పారిస్‌లో విచారణను ఎదుర్కొని, ఎక్స్‌మెన్ గురువైన తన పాత ప్రత్యర్థి పాఠశాల బాధ్యత స్వీకరిస్తాడు. గాయం నేరాన్ని వివరిస్తుందే తప్ప మాఫీ చేయదన్న గంభీరమైన అవగాహనకు ఈ కథలు చక్కని ఉదాహరణ.

తరువాత: అలన్ మూర్, డేవ్ గిబ్బన్స్ 'వాచ్‌మెన్' (1986–87)లో అణుయుద్ధాన్ని ఆపేందుకు లక్షలాది మందిని చంపేది ఒకప్పటి నాయకుడే. ఆ తర్వాతి దశాబ్దాల్లో ఈ ధోరణి 'ది డార్క్ నైట్' (2008), 'బ్లాక్ పాంథర్' (2018), 'జోకర్' (2019) వంటి సినిమాలకు విస్తరించింది. కామిక్స్ కోడ్‌ను చివరి ప్రచురణ సంస్థలు కూడా 2011లో వదులుకున్నాయి.