పాలనీటిలో ఈదిన ఎలుకలు

ఒక గుండ్రని నీటితొట్టిని ఊహించుకోండి. నీళ్లలో పాలు కలపడం వల్ల లోపల ఏముందో కనబడదు. నీటిమట్టానికి కొంచెం దిగువన ఒక చిన్న అరుగు దాగి ఉంది. తొట్టిలో వదిలిన ఎలుక ఈదుతూ ఈదుతూ, ఎప్పటికో ఆ అరుగు తగిలి దానిపైకి ఎక్కుతుంది. ఇలా కొన్నిసార్లు జరిగాక, ఏ అంచున వదిలినా సరే, నేరుగా అరుగు వైపే సాగిపోతుంది. అరుగు కంటికి కనబడదు కనుక, తొట్టి బయట గదిలో ఉన్న వస్తువులను ఆనవాళ్లుగా పెట్టుకొని ఆ చోటును గుర్తుంచుకుంటుందన్నమాట. స్కాట్లండులోని సెంట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ మోరిస్ రూపొందించిన ఈ పరీక్ష 1981లో వెలుగుచూసింది. మెదడులోని హిప్పోకాంపస్ అనే భాగం దెబ్బతిన్న ఎలుకలు ఈ పరీక్షలో దారి తెలియక తిరుగుతాయని మరుసటి ఏడాదే తేలింది.

అంతకు ముందే, 1973లో, టిమ్ బ్లిస్, టెర్యే లోమో అనే శాస్త్రజ్ఞులు కుందేళ్ల హిప్పోకాంపస్‌లో ఒక వింతను గమనించారు. నాడీకణాల మధ్య సంధిని కొద్దిసేపు బలంగా ఉత్తేజపరిస్తే, ఆ సంధి గంటల తరబడి బలపడి ఉంటుంది. జ్ఞాపకానికి మూలం ఇదేనా? ఆ ప్రశ్నకు జవాబు వెదకడానికి ఒక మందు కావలసివచ్చింది.

నాడీకణం పైపొరలో గ్రాహకాలుంటాయి. వీటినే రిసెప్టర్లంటాము. గ్లుటమేట్ అనే రసాయనాన్ని అందుకొనే గ్రాహకాలలో ఎన్‌ఎండిఏ రకానిది విచిత్రమైన స్వభావం. గ్లుటమేట్ వచ్చి చేరినంత మాత్రాన దాని ద్వారం తెరుచుకోదు. అవతలి కణం కూడా అదే సమయంలో ఉత్తేజితమై ఉంటేనే, ద్వారానికి అడ్డుగా ఉన్న మెగ్నీషియం తొలగుతుంది. రెండు సంగతులు ఏకకాలంలో జరిగాయని గుర్తించే ఏర్పాటు ఇది. ఈ గ్రాహకంలో గ్లుటమేట్ కూర్చోవలసిన చోటును ముందే ఆక్రమించే మందు ఏపీ5. అది ఇస్తే ఆ సంధి బలపడదని 1983లో గ్రాహమ్ కాలింగ్రిడ్జ్, ఆయన సహచరులు చూపారు.

1986లో మోరిస్ బృందం ఈ మందును చిన్న పంపు ద్వారా ఎలుకల మెదడులోకి నిదానంగా ఎక్కించింది. అవి చక్కగా ఈదాయి, కంటితో చూసి గుర్తుపట్టే వేరొక పరీక్షలో నెగ్గాయి. కాని అరుగు ఉన్న చోటును మాత్రం సరిగా నేర్చుకోలేకపోయాయి. అదే అణువుకు అద్దంలో ప్రతిబింబం వంటి రూపం ఇచ్చిన ఎలుకలకు ఆ ఇబ్బంది రాలేదు. కన్నూ కాలూ బాగుండగా నేర్పు మాత్రమే కుంటుపడడం, నా దృష్టిలో, ఈ ప్రయోగం సాధించిన అసలైన విజయం.

అయితే కథ అంత తేలిగ్గా ముగియలేదు. వేరే తొట్టిలో ముందుగా తర్ఫీదు పొందిన ఎలుకలు ఏపీ5 ఇచ్చినా కొత్త చోటును నేర్చుకోగలవని 1995లో వెల్లడైంది. ఆ వాదన ఆ తరువాత చాలాకాలం సాగింది.

ఎలుకల సంగతి మనకెందుకని మీరు అడగవచ్చు. జ్ఞాపకానికి అవసరమైన మరొక రసాయనం ఎసిటైల్‌కోలిన్. దాని గ్రాహకాలను అడ్డగించే అట్రోపిన్ ఇచ్చిన ఎలుకలు కూడా ఇటువంటి తొట్టిలోనే దారి తప్పాయని 1982లో ప్రచురితమైంది. అట్రోపిన్, స్కోపోలమైన్ మన ఉమ్మెత్తలోనూ ఉన్నాయి. ఉమ్మెత్త గింజలు తిన్నవారు మనుషులను పోల్చుకోలేక, లేనివాటిని పట్టుకోబోతూ కలవరించడం పల్లెల్లో పెద్దలకు తెలిసినదే. 1974లో డ్రాక్‌మన్, లెవిట్ ఆరోగ్యవంతులైన యువకులకు స్కోపోలమైన్ ఇచ్చి పరీక్షించారు. అప్పటికప్పుడు విన్నదానిని వారు తిరిగి చెప్పగలిగారు. కొత్త విషయాలను నిలుపుకోవడంలో మాత్రం వృద్ధులలాగే తడబడ్డారు.

ఇదే గ్రాహకాన్ని అడ్డగించే గుణం నేటి మందులు కొన్నింటికీ ఉంది. అలర్జీకీ దగ్గుకూ వాడే డైఫెన్‌హైడ్రమిన్, నరాల నొప్పికిచ్చే అమిట్రిప్టిలిన్, మూత్రం ఆపుకోలేనివారికిచ్చే ఆక్సీబ్యుటినిన్, వణుకుకు ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ అటువంటివే. డెబ్బై దాటిన శరీరంలో వీటి ప్రభావం అధికం. రెండు మూడు కలిస్తే ఇంకా ఎక్కువ. కనుక ఇంట్లో పెద్దవారు ఉన్నట్టుండి తికమకపడుతుంటే, వయసు మీద పడిందని సరిపెట్టుకోకండి. వారు వాడుతున్న మాత్రల స్ట్రిప్పులన్నీ, మందుల షాపులో చీటీ లేకుండా కొన్న దగ్గుమందుతో సహా, సంచిలో వేసుకొని వైద్యుని వద్దకు తీసుకువెళ్లండి. ఏ మందునూ మీకు మీరే ఆపవద్దు; ట్రైహెక్సీఫెనిడిల్ వంటివి హఠాత్తుగా ఆపితే వేరే ఇబ్బందులు తలెత్తుతాయి.