పెద్ద కుక్కకు కడుపు చెడితే పచ్చి మాంసమే మందా?

గొర్రెల సీమలో పచ్చి అవయవాలతో ఇంటిల్లిపాదికీ ముప్పు
ఉడికించి పెడితే మేలు, మార్పు మెల్లగా చేస్తే మరింత మేలు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్: పట్టణాల్లోని ఇళ్లలో జర్మన్ షెపర్డ్, లాబ్రడార్, గ్రేట్ డేన్ వంటి పెద్ద జాతి కుక్కలు కాపలా కాస్తున్నాయి. పల్లెల్లో గొర్రెల మంద వెంట కుక్క నడవడం తరతరాలుగా వస్తున్నదే. ఇంటి కుక్కకైనా, మంద కుక్కకైనా తరచుగా వచ్చే బాధ ఒకటే. తిన్నది ఒంటబట్టదు, నీళ్ల విరేచనాలు తగ్గవు, పక్కటెముకలు బయటపడతాయి. అన్నం మాన్పించి పచ్చి మాంసం పెడితే అన్నీ సర్దుకుంటాయన్న సలహా అప్పుడే వినిపిస్తుంది. ఈ సలహాలో కొంత నిజమున్నది. అయితే మటన్ దుకాణంలో మిగిలిన పచ్చి కార్జం, ఊపిరితిత్తులు, బోటి తెచ్చి కుక్క ముందు పడవేసే ఈ ప్రాంతపు అలవాటుతో కలిస్తే అదే సలహా కుక్కకూ, మందకూ, ఇంటివారికీ చేటు తెస్తుంది.

వాదన ఎక్కడ పుట్టింది?

కుక్కకు పచ్చి మాంసం, పచ్చి ఎముకలే సహజాహారమన్న వాదనకు ఆస్ట్రేలియాకు చెందిన పశువైద్యుడు ఇయాన్ బిల్లింగ్‌హర్స్ట్ 1993లో వెలువరించిన ‘గివ్ యువర్ డాగ్ ఎ బోన్’ అనే పుస్తకం విస్తృత ప్రచారం తెచ్చింది. కుక్క తోడేలు సంతతి గనుక తోడేలు తిన్నదే తినాలన్నది ఈ వాదనకు మూలం. అయితే తోడేలు నుంచి కుక్కగా మారే క్రమంలో పిండి పదార్థాన్ని అరిగించుకునే జన్యువుల సంఖ్య కుక్కలో గణనీయంగా పెరిగిందని 2013లో ‘నేచర్’ పత్రికలో వెలువడిన పరిశోధన తేల్చింది. మనిషి పంచన చేరి వేల ఏళ్లుగా అతని తిండిలో పాలు పంచుకున్న జంతువు అది. అన్నం, రొట్టె తిన్నంత మాత్రాన ఆరోగ్యవంతమైన కుక్కకు కడుపు చెడదు. చెడిందంటే వేరే కారణం ఉండి ఉంటుంది.

ముందు కారణం తెలియాలి

కడుపులో నులిపురుగులు, కొంకి పురుగులు, జియార్డియా వంటి సూక్ష్మజీవులు చేరినప్పుడు విరేచనాలు పట్టుకుంటాయి. మల పరీక్షతో వీటిని గుర్తించవచ్చు. పిడుదులు, గోమార్ల ద్వారా సోకే జ్వరాలలోనూ కుక్క తిండి మానేసి చిక్కిపోతుంది. టీకాలు వేయించని పిల్లకు వాంతులు, రక్త విరేచనాలు కలిసి వస్తే పార్వో వ్యాధిని అనుమానించి వెంటనే వైద్యం చేయించాలి. విందులో మిగిలిన నూనె కూరలు, కొవ్వు ముక్కలు ఒక్కసారిగా తింటే క్లోమం వాచి ప్రాణం మీదికి వస్తుంది. ఎదిగిన కుక్కలలో కొన్నింటికి పాలు అరగవు. ఉల్లి, వెల్లుల్లి ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. అందువల్ల మనం తినే కూర ఏదైనా కుక్కకు పనికిరాదు.

జర్మన్ షెపర్డ్ జాతిలో మరో వ్యాధి కూడా కనిపిస్తుంది. క్లోమం నుంచి రావలసిన జీర్ణరసాలు క్రమంగా తగ్గిపోతాయి. కుక్క ఆవురావురుమని తింటుంది, అయినా బక్కచిక్కుతుంది. లేత రంగులో, జిడ్డుగా, ఎక్కువ పరిమాణంలో మలం వస్తుంది. రక్త పరీక్షతో దీనిని నిర్ధారిస్తారు. జీర్ణరసాల పొడిని ఆహారంలో కలిపి ఇవ్వడం దీనికి చికిత్స. ఆ పొడి దొరకనప్పుడు పశువు క్లోమాన్ని పచ్చిగానే తరిగి ఇవ్వడం పశువైద్యంలో ఉన్న పద్ధతే. పచ్చిది వైద్యంగా పనిచేసే అరుదైన సందర్భం ఇది. అదీ వైద్యుని పర్యవేక్షణలో, ఆరోగ్యవంతమైన పశువు నుంచి తీసినది మాత్రమే ఇవ్వాలి.

మేలు చేసింది పచ్చిదనమా, మార్పా?

పచ్చి మాంసం మొదలుపెట్టాక తమ కుక్క కోలుకుందని చెప్పేవారి మాట అబద్ధం కాకపోవచ్చు. అయితే ఆ రోజు నుంచి పాలు, మసాలా కూరలు, దుకాణంలో కొన్న బిస్కెట్లు కూడా ఆగిపోయిన సంగతి చాలామంది గమనించరు. ఏదో ఒక ఆహార పదార్థం పడక దీర్ఘకాలం విరేచనాలతో బాధపడే కుక్కలకు, అంతవరకు తినని మాంసాన్ని ఒకే పిండి పదార్థంతో కలిపి పెట్టి పరీక్షించడం పశువైద్యులు అనుసరించే విధానం. కారణం ఆహారమే అయితే సాధారణంగా రెండు వారాలలో గుణం కనిపిస్తుంది. ఇందుకు మాంసం పచ్చిగా ఉండనవసరం లేదు. అదే మాంసాన్ని ఉడికించి పెట్టినా ఫలితం వస్తుంది. ఉడికించడం వల్ల అనేక క్రిములు నశిస్తాయి గనుక ప్రమాదం కూడా తగ్గుతుంది.

గొర్రెల సీమలో అసలు ముప్పు

2019 పశుగణన ప్రకారం సుమారు 1.90 కోట్ల గొర్రెలతో తెలంగాణ దేశంలో ప్రథమ స్థానంలో నిలిచింది. ఉమ్మడి మహబూబ్‌నగర్ నుంచి 2016 అక్టోబర్ 11న విడివడిన ఈ మూడు జిల్లాలలో గొర్రెల పెంపకం ప్రధాన జీవనాధారాలలో ఒకటి. వనపర్తి జిల్లాలోని పెబ్బేరు సంత పశువుల క్రయవిక్రయాలకు పేరొందింది. మంద ఎక్కడ ఉంటే కుక్క అక్కడ ఉంటుంది. పండుగకో, జాతరకో యాట తెగిన చోట పనికిరాని అవయవాలు కుక్క పాలవుతాయి.

హైడాటిడ్ వ్యాధి వ్యాపించే దారి ఇదే. ఎకైనోకాకస్ అనే బద్దె పురుగు కుక్క పేగులో నివసిస్తుంది. దాని పొడవు 2 నుంచి 7 మిల్లీమీటర్లకు మించదు. కుక్కకు దానివల్ల పైకి కనిపించే బాధ సాధారణంగా ఉండదు. పురుగు గుడ్లు మలంతో బయటపడి గడ్డికి, నీటికి, కుక్క వెంట్రుకలకు అంటుకుంటాయి. ఆ గడ్డి మేసిన గొర్రె కార్జంలో, ఊపిరితిత్తులలో నీటి తిత్తులు ఏర్పడతాయి. ఆ తిత్తులున్న అవయవాన్ని పచ్చిగా తిన్న కుక్క కడుపులో మళ్లీ పురుగులు పెరుగుతాయి. కుక్కను నిమిరిన చేతితో అన్నం తిన్న మనిషికీ, ముఖ్యంగా నేల మీద ఆడుకునే పిల్లలకూ ఈ గుడ్లు చేరి కాలేయంలో, ఊపిరితిత్తులలో తిత్తులుగా మారతాయి. అవి ఏళ్ల తరబడి మెల్లగా పెరుగుతాయి. చాలామందిలో స్కానింగ్ చేసినప్పుడే బయటపడతాయి. కొందరికి శస్త్రచికిత్స తప్పదు. తిత్తి లోపలే పగిలితే ప్రాణాపాయం. నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని చేర్చింది.

మరో బద్దె పురుగు వల్ల గొర్రె మెదడులో తిత్తి ఏర్పడుతుంది. ఆ గొర్రె తల ఒక వైపుకు వంచి గుండ్రంగా తిరుగుతుంది, మందకు దూరమై చివరకు పడిపోతుంది. అటువంటి గొర్రె తలకాయను కుక్కకు వేస్తే వ్యాధి మళ్లీ మందలోకే వస్తుంది.

న్యూజీలాండ్ కూడా గొర్రెల దేశమే. అక్కడ 1959లో ప్రత్యేక చట్టం తెచ్చి, కుక్కలన్నింటికీ పురుగుల మందు వేయించి, పచ్చి అవయవాలు కుక్కల నోట పడకుండా కట్టడి చేశారు. హైడాటిడ్ నుంచి తాత్కాలికంగా విముక్తి పొందినట్లు ఆ దేశం 2002లో ప్రకటించుకుంది. అంటే ఈ గొలుసును తెంచడం సాధ్యమే. తెంపవలసిన చోటు కుక్క ముందున్న పళ్లెం.

దుకాణంలోని మాంసంలోనూ క్రిములు

అవయవాలు మానేసి కండ మాత్రమే పచ్చిగా పెట్టినా ముప్పు పూర్తిగా తొలగదు. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2010-2012 మధ్య 196 పచ్చి పెంపుడు జంతు ఆహార నమూనాలను పరీక్షించగా 15 నమూనాలలో సాల్మొనెల్లా, 32 నమూనాలలో లిస్టీరియా క్రిములు బయటపడ్డాయి. అమెరికా పశువైద్య సంఘం పచ్చి మాంసాహారాన్ని నిరుత్సాహపరుస్తూ 2012లో తీర్మానించింది. కుక్క బాగానే ఉండి మలం ద్వారా క్రిములను వెదజల్లవచ్చు. పసిపిల్లలు, గర్భిణులు, వృద్ధులు ఉన్న ఇంట ఇది మరింత ప్రమాదకరం. ఆంధ్రప్రదేశ్‌లోని ఉభయ గోదావరి జిల్లాల కోళ్ల ఫారాలలో 2025 ఫిబ్రవరిలో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయింది. అటువంటి రోజులలో పచ్చి కోడి మాంసం కుక్కకు, పిల్లికి అసలే పెట్టరాదు. చనిపోయిన కోళ్లను వాటి ముందు వేయడం మరీ తప్పు.

ఎముక, కాల్షియం

ఉడికిన ఎముక పెళుసుగా విరిగి పేగును చీలుస్తుంది. పచ్చి ఎముక కూడా పళ్లను విరగ్గొట్టవచ్చు, గొంతులోనో పేగులోనో అడ్డుపడవచ్చు. మరోవైపు ఎముక లేని మాంసంలో భాస్వరం ఎక్కువ, కాల్షియం అతి తక్కువ. నెలల తరబడి ఉత్త మాంసంతోనే పెంచితే శరీరం ఎముకల నుంచి కాల్షియాన్ని తోడుకుంటుంది. ఎదిగే వయసులో ఉన్న పెద్ద జాతి పిల్లల కాళ్లు వంకరపోతాయి. కాల్షియం మోతాదు మించినా వాటి ఎముకల పెరుగుదల చెడుతుంది. ఎండబెట్టి మెత్తగా దంచిన గుడ్డు పెంకు పొడి ఒక చెంచాలో సుమారు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది. ఏ కుక్కకు ఎంత కలపాలో దాని బరువు, వయసును బట్టి వైద్యుడు నిర్ణయించవలసి ఉంటుంది.

ఆహారం మార్చే పద్ధతి

విరేచనాలు పట్టిన ఎదిగిన కుక్కకు మొదట 12 గంటలు తిండి ఆపి, శుభ్రమైన నీరు అందుబాటులో ఉంచాలి. పిల్లలను ఇలా పస్తు ఉంచరాదు. తరువాత తోలు, కొవ్వు, ఎముక తీసేసి ఉడికించిన కోడి మాంసం ఒక వంతు, మెత్తగా వండిన అన్నం రెండు వంతులు కలిపి, ఉప్పు, కారం, నూనె లేకుండా పెట్టాలి. 30 కిలోల కుక్కకు రోజుకు సుమారు 300 గ్రాముల మాంసం, 600 గ్రాముల అన్నం తొలి దశలో సరిపోతాయి. దీనిని నాలుగు పూటలకు పంచాలి. జొన్న గట్క, సద్ద రొట్టెలో పీచు ఎక్కువ గనుక మలం గట్టిపడిన తరువాతే ఇవ్వాలి.

మలం కుదుటపడ్డాక కొత్త ఆహారాన్ని 7 నుంచి 10 రోజులలో మెల్లగా పెంచాలి. మొదటి మూడు రోజులు పావు వంతు, తరువాత సగం, ఆపై ముప్పావు వంతు చొప్పున పెంచుతూ పోవాలి. మధ్యలో మళ్లీ విరేచనమైతే ఒక మెట్టు వెనక్కి రావాలి. ఒకేసారి రెండు కొత్త పదార్థాలు చేర్చితే ఏది పడలేదో తెలియదు. మనుషులు వాడే నొప్పి మాత్రలు, విరేచనాల మాత్రలు వైద్యుడు చెప్పనిదే వేయరాదు.

పొట్ట ఉబ్బితే ప్రాణాపాయం

లోతైన ఛాతీ గల గ్రేట్ డేన్, జర్మన్ షెపర్డ్ వంటి కుక్కలలో జీర్ణాశయం గాలితో ఉబ్బి మెలిపడే ప్రమాదమున్నది. రోజంతటి తిండి ఒకే పూట పెట్టడం, ఆబగా మింగడం దీనికి దోహదం చేస్తాయి. పళ్లేన్ని ఎత్తు మీద ఉంచడం కూడా మేలు చేయదని అమెరికాలోని పర్‌డ్యూ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2000లో ప్రచురించిన అధ్యయనం సూచించింది. పొట్ట డోలులా బిగిసి, కుక్క వాంతికి ప్రయత్నిస్తున్నా ఏమీ రాక, చొంగ కారుస్తూ నిలకడ లేకుండా తిరుగుతుంటే ఇంటి వైద్యం చేస్తూ కూర్చోరాదు. గంటలలోనే ప్రాణం పోతుంది.

గుర్తుంచుకోవలసినవి

- గొర్రె, మేక అవయవాలు కుక్కకు పెట్టదలిస్తే కనీసం అరగంట మరిగించాలి. నీటి తిత్తులు కనిపించిన వాటిని కాల్చివేయాలి, లేదా కుక్కలు తవ్వలేనంత లోతుగా పూడ్చాలి.
- ఫ్రిజ్‌లో గడ్డకట్టిస్తే సాల్మొనెల్లా చావదు.
- బద్దె పురుగులకు ప్రాజిక్వాంటెల్ మందు పనిచేస్తుంది. మోతాదు కుక్క బరువును బట్టి ఉంటుంది. మంద వెంట తిరుగుతూ పచ్చి అవయవాలు తినే అవకాశమున్న కుక్కకు ఆరు వారాలకు ఒకసారి వేయించడం మంచిది.
- మందు వేసిన తరువాత రెండు మూడు రోజులు కుక్కను కట్టి ఉంచి, మలాన్ని పూడ్చివేయాలి.
- కుక్కను ముట్టుకున్నాక, దాని పళ్లెం కడిగాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి.
- మలంలో రక్తం, ఆగని వాంతులు, జ్వరం, రెండు రోజులు దాటిన విరేచనాలు కనిపిస్తే సమీప పశువైద్యశాలకు తీసుకెళ్లాలి. అక్కడ తేలని వ్యాధులకు రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలకు వెళ్లవచ్చు.

మాంసం కుక్కకు మంచిదే. కానీ అది పచ్చిగా ఉండవలసిన అవసరం చాలా అరుదు. పొయ్యి మీద గడిపే అరగంటతో కుక్క కడుపు కుదుటపడటమే కాదు, మందకు, ఇంట్లో పిల్లలకు కూడా రక్షణ లభిస్తుంది.