మొక్కు నుండి ముద్ర దాకా: తెలంగాణ అంగడిలో దైవచిహ్నం – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
వ్యాపార ప్రకటనల్లో మతచిహ్నాల వినియోగాన్ని సాధారణంగా మనోభావాల సమస్యగానే చర్చిస్తున్నారు. ఈ వ్యాసం దానిని యాజమాన్య సమస్యగా, బాధ్యత సమస్యగా పరిశీలిస్తుంది. మెదక్ జిల్లా రామాయంపేట వంటి తెలంగాణ అంగడిపట్టణాల వ్యాపార సంస్కృతిని ఆధారంగా చేసుకొని, దైవచిహ్నం మొక్కుగా మొదలై, సరుకు గుర్తుగా మారి, చివరకు చట్టం గుర్తించే ఆస్తిగా పరిణమించిన క్రమాన్ని వివరిస్తుంది. బీడీ పరిశ్రమను, 2015లో సుప్రీంకోర్టు ఇచ్చిన రెండు తీర్పులను ప్రధాన ఆకరాలుగా స్వీకరిస్తుంది.

కీలకపదాలు: మతచిహ్నం, వ్యాపారముద్ర, బీడీ పరిశ్రమ, క్యాలెండర్ చిత్రకళ, రామాయంపేట, అంగడి.

1. ఉపోద్ఘాతం

హైదరాబాదు–నాగపూరు మార్గంలోని 44వ జాతీయ రహదారిని మెదక్–సిద్దిపేట దారి కలిసే చోట రామాయంపేట ఉంది. చుట్టుపక్కల పల్లెలకు ఇది అంగడి, దూరప్రయాణికులకు మజిలీ. పశ్చిమాన ఏడుపాయల వనదుర్గ క్షేత్రం, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమైన మెదక్ చర్చి ఉన్నాయి. నిజాం కాలంలో ఉర్దూ రాజభాషగా చెలామణి అయిన ప్రాంతమిది. ఇలాంటి పట్టణంలో ఒకే వీధిలో వేంకటేశ్వరుని పేరిట కిరాణా దుకాణం, ‘బిస్మిల్లా’ పేరిట హోటలు, ‘ఎబెనేజరు’ పేరిట కుట్టుమిషను దుకాణం కనిపించడం వింత కాదు.

ఈ పేర్లను భక్తికి నిదర్శనాలుగా చూడవచ్చు, వ్యాపార యుక్తిగానూ చూడవచ్చు. అయితే ఈ రెండు వివరణలూ చిహ్నం అన్ని కాలాల్లోనూ ఒకే పని చేసిందని భావిస్తాయి. చరిత్రను పరిశీలిస్తే, దైవచిహ్నం అంగట్లో ఎవరిని ఉద్దేశించింది, ఎవరిని కట్టివేసింది అన్నది కాలానుగుణంగా మారినట్లు స్పష్టమవుతుంది. ఆ మార్పును గుర్తించడమే ఈ వ్యాస లక్ష్యం.

2. చిట్టా మీది శ్రీకారం

ప్రకటన అనే భావన రాకముందే అంగట్లో దేవుడు ఉన్నాడు. దీపావళినాడు కొత్త ఖాతాపుస్తకాలకు పసుపు కుంకుమలు పెట్టి, మొదటి పుటపై ‘శ్రీ’ లేదా స్వస్తిక గుర్తు వేసి లక్ష్మీపూజ చేయడం వర్తకుల ఆచారం. ఉత్తరాల తలకట్టున ‘శ్రీరామ’ అని రాసే అలవాటు లెక్కల పుటల్లోకీ వచ్చింది. ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కొలతను ‘ఒకటి’ అనకుండా ‘లాభం’ అనడం, ఏడుపును స్ఫురింపజేస్తుందని ‘ఏడు’ అనే మాటను తప్పించడం తెలుగునాట ప్రసిద్ధమే.

ముస్లిం వర్తకుల చీటీలపై కనిపించే ‘786’ కూడా ఈ కోవలోనిదే. అబ్జద్ పద్ధతిలో అక్షరాలకు విలువలు కట్టగా ‘బిస్మిల్లా’ వాక్యానికి వచ్చే మొత్తమది. పవిత్రవాక్యాన్నే రాస్తే ఆ కాగితం నేలపాలై కాళ్ల కిందపడే ప్రమాదం ఉంది. అందుకే అంకెను వాడతారని దీనికి ప్రచారంలో ఉన్న వివరణ. పవిత్రతను అంగట్లోకి తీసుకువస్తూనే దానికి అపచారం జరగకుండా చూసుకున్న జాగ్రత్త ఇందులో ఉంది.

ఈ దశలోని చిహ్నాలన్నింటికీ ఒక సమానలక్షణం ఉంది. ఇవి ప్రధానంగా కొనేవారికి చూపడానికి రాసినవి కావు. ఖాతాపుస్తకం పెట్టెలో ఉంటుంది. దానిపై దేవుని పేరు రాసినవాడు తన లెక్కకు దేవుణ్ణి సాక్షిగా పెట్టుకున్నాడు. ఆ సాక్ష్యాన్ని అందరూ పాటించారని చెప్పలేం. దొంగలెక్కల పుటపైనా ‘శ్రీ’ ఉండవచ్చు. అయినా ఆ చిహ్నం నైతికంగా కట్టివేసేది అమ్మేవాడినే.

3. బొమ్మను చూసి సరుకును గుర్తించడం

పంతొమ్మిదో శతాబ్ది ఉత్తరార్ధంలో బ్రిటన్ మిల్లుల వస్త్రాలు భారతీయ అంగళ్లను ముంచెత్తినప్పుడు ఈ స్థితి మారింది. మాంచెస్టర్, గ్లాస్గో ప్రాంతాల నుండి వచ్చిన బట్టల తానులపై రంగుల ముద్రణలో కాగితపు బొమ్మలు అంటించేవారు. వాటిలో కృష్ణుడు, లక్ష్మి, గణపతి వంటి దేవతామూర్తులూ ఉండేవి. ఆంగ్లాక్షరాలు చదవలేని కొనుగోలుదారు బొమ్మ పేరు చెప్పి బట్ట అడగగలిగాడు. ఇక్కడ దైవచిహ్నం మొదటిసారిగా పెద్దయెత్తున కొనేవానివైపు తిరిగింది. ఆ బొమ్మను ఎంపిక చేసిన మిల్లు యజమానికి ఆ దేవునిపై భక్తి ఉండవలసిన అవసరం కూడా లేకపోయింది.

రాజా రవివర్మ (1848–1906) 1894లో బొంబాయిలో నెలకొల్పిన ముద్రణాలయం ఈ ధోరణికి దేశీయమైన రూపాన్నిచ్చింది. ఆయన లక్ష్మీ సరస్వతుల చిత్రాలు ఇళ్లలో పూజలందుకున్నాయి. మరోవైపు ఆ శైలి బొమ్మలు సబ్బులకు, మందులకు ప్రకటనలయ్యాయి. శిశువుల మందు వుడ్‌వర్డ్స్ గ్రైప్ వాటర్ ప్రకటనల్లో బాలకృష్ణుడు కనిపించడం ఇందుకు ఉదాహరణ. తెలుగువారి సంస్థల్లో కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో స్థాపించిన అమృతాంజనం దేవతామూర్తిని ఆశ్రయించలేదు. క్షీరసాగర మథనాన్ని స్ఫురింపజేసే ‘అమృత’ శబ్దమే దానికి చాలింది. ఆ వ్యాపారం నిలదొక్కుకున్నాకే, 1908లో ఆంధ్రపత్రిక వెలువడింది.

అయ్య నాడార్, షణ్ముగ నాడార్ కలకత్తా వెళ్లి అగ్గిపెట్టెల తయారీ నేర్చుకొని వచ్చాక శివకాశి రూపురేఖలు మారాయి. అగ్గిపెట్టెలకు చీటీలు కావాలి. చీటీలకు ముద్రణాలయాలు కావాలి. ఆ ముద్రణాలయాలే తరువాతి కాలంలో దక్షిణాది దుకాణాలకు దేవుళ్ల క్యాలెండర్లను అందించాయి. పైన దేవుని పటం, కింద దుకాణం పేరు, దాని కింద తేదీల కాగితం అనే నిర్మాణం తెలుగు ఇళ్లన్నింటికీ పరిచితమే. సంవత్సరం గడిచాక తేదీలు పోతాయి కానీ పటాన్ని పారవేయడానికి మనసొప్పదు. అద్దం కట్టించి గోడకు తగిలిస్తే దుకాణం పేరు కూడా దేవునితో పాటు పూజగదిలో నిలుస్తుంది.

ఇదే శివకాశి నుండి లక్ష్మీదేవి బొమ్మతో ‘లక్ష్మీబాంబు’ కూడా వచ్చింది. దీపావళి సాయంత్రం పూజించిన రూపమే కాసేపటికి వీధిలో తునకలవుతుంది. క్యాలెండరు దేవుణ్ణి ఇంట్లో నిలిపింది. టపాకాయ వీధిలో చెదరగొట్టింది. కాబట్టి చిహ్నానికి దక్కే మర్యాద వ్యాపారి ఉద్దేశాన్ని బట్టి మాత్రమే నిర్ణయం కాదు. ఆ చిహ్నం ఏ వస్తువుకు అంటుకుంది, ఆ వస్తువు చివరకు ఎక్కడికి చేరుతుంది అన్నవి కూడా దానిని నిర్ణయిస్తాయి.

4. బీడీకట్ట మీది దేవుడు

ఈ సూత్రం అతి తీవ్రంగా వర్తించే సరుకు బీడీ. రామాయంపేట ప్రాంతంతో సహా మెదక్, నిజామాబాదు, కరీంనగర్ జిల్లాల్లో బీడీలు చుట్టడం దశాబ్దాలుగా స్త్రీల జీవనాధారం. తునికాకును తడిపి, కత్తిరించి, తంబాకు నింపి, చుట్టి, దారం కట్టడం ఇంటి అరుగు మీద జరిగే పని. కూలి వెయ్యి బీడీల లెక్కన ఉంటుంది. కట్టలకు చీటీ అంటించడం మాత్రం సాధారణంగా కార్ఖానాలో జరుగుతుంది. అంటే బీడీని తయారుచేసిన చేతికి, దానిని అమ్మిపెట్టే ముద్రకు మధ్య దూరం ఉంది.

ఆ ముద్రల్లో గణపతి బొమ్మ ప్రసిద్ధం. మంగళూరు గణేశ్ బీడీ వర్క్స్ స్వాతంత్ర్యానికి పూర్వమే భాగస్వామ్య సంస్థగా ఏర్పడి దేశమంతటా పేరు తెచ్చుకుంది. విఘ్ననివారకుడైన గణపతితో వ్యాపారం ప్రారంభించడం సంప్రదాయ దృష్టిలో సహజమే. కానీ పంటెపై ‘786’ రాసుకున్న వర్తకుడు తప్పించదలచిన పరిణామమే ఇక్కడ తప్పనిసరి అవుతుంది. కట్ట విప్పగానే చీటీ నేలపాలవుతుంది.

రాజ్యం ఈ సరుకుతో రెండు రకాలుగా వ్యవహరించింది. 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం, 1976 నాటి సంక్షేమనిధి చట్టం కార్మికులను గుర్తించాయి. తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకు నెలకు 1000 రూపాయల భృతిని ప్రవేశపెట్టి, 2019లో 2016 రూపాయలకు పెంచింది. మరోవైపు 2003 నాటి పొగాకు నియంత్రణ చట్టం కింద 2009 మే 31 నుండి బొమ్మల హెచ్చరికలు వచ్చాయి. 2016 ఏప్రిల్ 1 నుండి అవి పొట్లం ప్రధాన తలాల్లో 85 శాతాన్ని ఆక్రమించాయి. దైవచిహ్నాన్ని ఎవరూ నిషేధించలేదు. రోగచిత్రం దానిని పక్కకు నెట్టింది. మతభావన చేయలేని పనిని ప్రజారోగ్యం చేసింది. అయితే మారిన ఈ చీటీలోనూ బీడీలు చుట్టిన స్త్రీకి చోటు లేదు.

5. ఒకే నెల, రెండు తీర్పులు

దైవచిహ్నం ఆస్తి కాగలదా అన్న ప్రశ్నకు చట్టం ఇచ్చిన సమాధానం సూటిగా లేదు. బ్రిటిషిండియాలో 1940లో తొలి వ్యాపారముద్రల చట్టం వచ్చింది. 1958 నాటి చట్టం, దాని స్థానంలో వచ్చిన 1999 నాటి చట్టం మతభావాలను గాయపరిచే అవకాశమున్న ముద్రల నమోదును నిషేధించాయి. ప్రస్తుత చట్టంలో ఇది 9(2)(బి) నిబంధన.

2015 అక్టోబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన రెండు తీర్పులు ఈ సందర్భంలో పరిశీలింపదగినవి. 15వ తేదీ నాటి తీర్పు మంగళూరు గణేశ్ బీడీ వర్క్స్ ఆదాయపు పన్నుకు సంబంధించినది. భాగస్వాముల వివాదాలతో సంస్థ వేలానికి వచ్చి 92 కోట్ల రూపాయలకు అమ్ముడైంది. ఆ మొత్తంలో వ్యాపారముద్రలకు కట్టిన విలువపై తరుగుదల లెక్కించవచ్చునని కోర్టు అంగీకరించింది. 27వ తేదీ నాటి తీర్పు పాట్నాకు చెందిన ఒక అగరుబత్తీల వ్యాపారికి సంబంధించినది. ‘రామాయణ్’ అనే పేరును ముద్రగా నమోదు చేయాలన్న ఆయన కోరికను కోర్టు తిరస్కరించింది. పవిత్రగ్రంథం పేరుపై ఏ ఒక్కరూ గుత్తాధిపత్యం కోరలేరనీ, మరో పదం చేరి ఆ పేరు తన మతప్రాధాన్యాన్ని కోల్పోయినప్పుడే నమోదుకు అవకాశం ఉండవచ్చుననీ పేర్కొంది.

ఈ రెండు తీర్పులు పరస్పర విరుద్ధాలు కావు. మొదటిది పన్ను వివాదం. గణపతి బొమ్మ ఔచిత్యం అక్కడ ప్రశ్నే కాదు. అయినప్పటికీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం తేటపడుతుంది. పూజకు వాడే అగరుబత్తికి రామాయణం పేరు సొంతం కాలేదు. బీడీ సంస్థకు మాత్రం దేవుని పేరున్న ముద్ర లెక్కల్లోకి ఎక్కే ఆస్తి అయింది. పవిత్రతకు దగ్గరగా ఉన్న సరుకుకే చట్టం ఎక్కువ అడ్డుచెప్పినట్లు కనిపిస్తుంది.

హైదరాబాదు నుండి వచ్చిన చార్మినార్ సిగరెట్ వివాదం దీనికి పూరకం. 1591లో నిర్మితమైన చార్మినార్ పై అంతస్తులో మసీదు ఉంది. వజీర్ సుల్తాన్ టొబాకో కంపెనీ పొట్లంపై మాత్రం ఆ కట్టడం మతచిహ్నంగా కాక నగరచిహ్నంగా స్థిరపడింది. ఆ పేరును జర్దా, కివామ్‌లకు వాడదలచిన మరో హైదరాబాదు తయారీదారు కోర్టుకెక్కగా, 1996లో సుప్రీంకోర్టు కంపెనీ హక్కును సిగరెట్లకే పరిమితం చేసింది. ఉమ్మడి చిహ్నంపై హక్కు లభించినా, అది వాస్తవంగా తయారుచేసే సరుకును దాటి విస్తరించలేదన్నది ఇందులోని సారాంశం.

2009లో భౌగోళిక గుర్తింపు పొందిన తిరుపతి లడ్డూ ఇందుకు భిన్నం. ఇక్కడ చిహ్నాన్ని రక్షించుకున్నది దేవస్థానమే.

6. తెలుగు పేర్ల చిక్కు

‘మతప్రాధాన్యాన్ని కోల్పోవడం’ అనే గీటురాయి తెలుగునాట తేలికగా వర్తించదు. వేంకటేశ్వర్లు అనే వ్యక్తి తన దుకాణానికి ‘వేంకటేశ్వర’ అని పేరు పెడితే అది దేవుని పేరా, తండ్రి పెట్టిన పేరా, తాత పేరా? సొంత పేరును నిజాయితీగా వాడుకునే హక్కును 1999 నాటి చట్టం 35వ నిబంధన కాపాడుతుంది. మనుషులకు, ఊళ్లకు, దేవుళ్లకు ఒకే పేరు చెల్లే సమాజంలో ఈ మూడింటినీ విడదీయడం న్యాయస్థానానికే కాదు, ఆ పేరు పెట్టుకున్నవారికీ సాధ్యం కాదు. రామాయంపేట అనే పేరులోనే రామశబ్దం వినిపిస్తుంది. ఆ ఊరి పేరిట వెలిసే ప్రతి దుకాణమూ మతాన్ని వాడుకున్నట్లు కాదు.

అంగడివీధుల్లో ఒకే దేవుని పేరిట ఎన్నో దుకాణాలు ఉన్నా తగవు రాకపోవడానికి కారణం ఇదే. ఆ పేరు ఎవరిదీ కాదు గనుక అందరిదీ. చట్టపరమైన ముద్ర అందుకు విరుద్ధంగా పనిచేస్తుంది; ఇతరులను మినహాయించడమే దాని విలువ.

7. ముగింపు

పై పరిశీలన వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి.

ఒకటి: తొలిదశలో దైవచిహ్నం అమ్మేవానిపై సాక్ష్యం, ముద్రణయుగంలో అది కొనేవానికి ఇచ్చే పూచీ అయింది. భక్తి వల్ల కలిగే నమ్మకం సరుకుకు బదిలీ అయింది కానీ, సాక్ష్యానికి కట్టుబడే బాధ్యత వెంట రాలేదు.

రెండు: మనోభావాల చర్చ చీటీ మీది బొమ్మ దగ్గరే ఆగిపోతున్నది. ఆ చీటీ కింద ఉన్న సరుకు ఏం చేస్తుంది, దానిని ఎవరు ఏ కూలికి తయారుచేశారు అన్న ప్రశ్నలు ఆ చర్చలోకి రావడం లేదు. బొమ్మను తొలగిస్తే గౌరవభంగం తొలగవచ్చు. వెయ్యి బీడీల కూలిలో మార్పేమీ రాదు.

మూడు: ఉమ్మడి చిహ్నంపై ఏకహక్కు కుదరదన్న న్యాయసూత్రం తెలంగాణ అంగడికి కొత్తది కాదు. పక్కపక్క దుకాణాలు ఒకే దేవుని పేరు పెట్టుకొని తరతరాలుగా ఆచరిస్తున్నది దానినే. చిన్న పట్టణాల దుకాణాల పేరుపలకలు, చీటీలు, క్యాలెండర్లు, ఖాతాపుస్తకాలు ఈ చరిత్రకు ప్రాథమిక ఆకరాలు. ఫ్లెక్సీలు, కంప్యూటర్ బిల్లులు వచ్చాక ఇవి వేగంగా కనుమరుగవుతున్నాయి. జిల్లాలవారీగా వాటిని సేకరించి భద్రపరచడం తెలుగు, చరిత్ర శాఖలు ఉమ్మడిగా చేపట్టవలసిన పని.