కొరివి అమ్మది, కత్తి కొడుకుది

పెనుగంచిప్రోలు తిరనాళ్లకి పోనివాళ్లు మన జగ్గయ్యపేట, నందిగామ మెట్టలో తక్కువ. తిరుపతమ్మ కథ అందరికీ తెలిసిందే. అత్తింట్లో ఆరళ్లు పడింది, మొగుడు గోపయ్య పులి వాత పడ్డాడు, ఆఖరికి ఆమే అగ్గిలో కలిసింది. 1963లో ఎన్టీఆర్, కృష్ణకుమారిలతో సినిమాగా కూడా వచ్చింది. అన్యాయం చేసినోళ్లు కాలలేదు, పడ్డ మనిషి కాలింది.

'బాహుబలి'లో దేవసేన దీన్ని తిరగేసింది. పాతికేళ్లు సంకెళ్లల్లో ఉండి, పుల్లలేరి భల్లాలదేవుడికి చితి పేర్చింది. ఆ సీనుకి మనమంతా ఈలలేసినోళ్లమే. కానీ భల్లాలుణ్ణి కూల్చింది కొడుకు, ఆమె వంతు నిప్పు పెట్టడం వరకే. అంతకుముందు, గుడి కాడ ఆడోళ్ల మీద చెయ్యేసిన సేతుపతి వేళ్లు ఆమె నరికితే, మొగుడొచ్చి తల నరుకుతాడు. అంటే ఆడదాని కోపం వేళ్ల దాకానే అన్నమాట.

దానికి ముప్పయ్యేళ్ల ముందే, 1985లో, టి. కృష్ణ తీసిన 'ప్రతిఘటన'లో విజయశాంతి గొడ్డలి తనే పట్టింది. కొడుకు పెద్దోడయ్యేదాకా ఆగలేదు. 'అరుంధతి' (2009) జేజమ్మకైతే చచ్చి, మళ్లీ పుడితేగానీ పగ తీరలేదు.

నన్ను ఎక్కువ తొలిచింది మాత్రం 2014 నాటి 'దృశ్యం'. స్నానం చేస్తుంటే వీడియో తీసి బెదిరించిన కుర్రాడు కూతురి చేతి దెబ్బకి పోతాడు. పూడ్చింది తల్లీకూతుళ్లే. అవతల వాడి తల్లి (నదియా) పోలీసు పెద్దాఫీసరు. కొడుకు కోసం చిన్నపిల్లని కూడా కొట్టనిస్తది. ఇద్దరూ తల్లులే, ఇద్దరిదీ కడుపుకోతే. తల్లి పగ ఎప్పుడూ న్యాయమే అన్న మన నమ్మకం ఇక్కడ బీటలిస్తది. ఆ తర్వాత కథ యథాప్రకారం వెంకటేశ్ తెలివి మీదికి పోతది, అది వేరే సంగతి.

ఈ సీన్లు స్టేటస్‌లు పెట్టే మన కుర్రాళ్ల ఇళ్లల్లోనే, ఇలాంటి వీడియో బెదిరింపు వస్తే తల్లి మొదట అనే మాట, "మీ నాన్నకి చెప్పకు." సినిమాలో పోలీసే వాడి తల్లి, ఇంకెవరికి చెప్పుకుంటారు? మన కాడ ఎక్కువగా అడ్డం పడేది పరువు. ఆడమనిషి ఏకాంతాన్ని ఒప్పుకోలు లేకుండా వీడియో తీసినా, పంచినా భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద మొదటిసారికే ఏడాది నుంచి మూడేళ్ల జైలు. సొంతూరి స్టేషన్లో అందరూ తెలిసినోళ్లే అని బెదురుంటే, జీరో ఎఫ్ఐఆర్ ఉంది. నందిగామ పిల్ల జగ్గయ్యపేటలోనైనా రాసియ్యొచ్చు. 181కి ఫోన్ చేస్తే ఖర్చుండదు.