చిన్న పాము, పెద్ద కర్ర: జేబు పిస్తోలు తూటా చరిత్ర



ముప్ఫై అయిదేళ్లు ఛందస్సూ వ్యాకరణమూ చెప్పి విశ్రాంతి తీసుకొంటున్నవాడికి తుపాకులతో పనేమిటని మీకు అనిపించవచ్చు. నాకూ అలాగే అనిపించింది. అయితే కొన్ని వారాల క్రితం నా పూర్వవిద్యార్థి ఒకడు అమెరికాలోని టెక్సస్ నుంచి ఫోను చేశాడు. అక్కడ అతనికొక చిన్న దుకాణం ఉంది. రాత్రి బాగా పొద్దుపోయాక ఒంటరిగా తాళం వేసి, ఆనాటి రొక్కంతో కారు దాకా నడవాలి.

"మాస్టారూ, చొక్కా కింద కనబడకుండా పెట్టుకొనే చిన్న పిస్తోలు ఒకటి కొందామనుకొంటున్నాను. .380 తీసుకోవాలా, 9 మి.మీ. తీసుకోవాలా అన్నది తేలటం లేదు. మీ కోడలేమో చిన్నదే కొనమంటోంది. చిన్నదైతే మనకు రక్షణా ఉంటుంది, ఎదుటివాడి ప్రాణం మీదికీ రాదు అంటుంది" అన్నాడు.

ఆ అమ్మాయి మాట నన్ను వదలలేదు. చిన్న తూటాకు దయ ఎక్కువగా ఉంటుందా? నాకు తెలిసిన విద్య ఒక్కటే, పుస్తకాలు తిరగేయటం. అలా తిరగేసినప్పుడు దొరికిన చరిత్రను ఇక్కడ పెడుతున్నాను.

ముందుగా మాట సంగతి చూద్దాం. కాలిబర్ అన్నది ఫ్రెంచి భాష నుంచి ఆంగ్లానికి వచ్చింది. దాని మూలం అరబ్బీలోని 'ఖాలిబ్', అంటే మూస. తుపాకి గొట్టం లోపలి వ్యాసాన్ని, అందులో పట్టే గుండు వ్యాసాన్ని అది సూచిస్తుంది. మనిషి సామర్థ్యానికి కూడా ఆ మాటే వాడుతున్నాం. "ఆయన కాలిబర్ వేరండీ" అనటం మనకు అలవాటే. కొలతను చెప్పే పదం గొప్పతనాన్ని చెప్పే పదంగా మారిందన్నమాట. తుపాకుల చరిత్రలో జరిగిన గందరగోళమంతా ఈ మార్పులోనే ఉన్నట్టు నాకు తోచింది.

వ్యాకరణంలో రూఢి అని ఒకటుంది. కుశలుడు అంటే అవయవార్థాన్ని బట్టి దర్భలు కోసేవాడు. వాడుకలో మాత్రం నేర్పరి. తుపాకి అంకెలలో చాలా భాగం ఇటువంటి రూఢి పదాలే. .38 అనే తూటాలోని గుండు వ్యాసం నిజానికి అంగుళంలో .357 వంతు. పూర్వం గుండూ ఇత్తడి తొడుగూ ఒకే లావుగా ఉన్న రోజుల్లో పెట్టిన పేరు, గుండు సన్నబడిన తరువాత కూడా నిలిచిపోయింది. 1935లో వచ్చిన .357 మాగ్నం గుండు లావు కూడా అంతే. ఇక నా శిష్యుణ్ణి తికమక పెట్టిన .380, 9 మి.మీ. ఈ రెండింటి గుండు వ్యాసమూ ఒక్కటే, .355 అంగుళాలు. తేడా అంతా తొడుగు పొడవులోనూ, లోపల పుట్టే పీడనంలోనూ ఉంది. ఒకదాని తొడుగు 17 మి.మీ., రెండవదాని తొడుగు 19 మి.మీ. చదరపు అంగుళానికి ఒకదానిలో అనుమతించే గరిష్ఠ పీడనం 21,500 పౌండ్లు, రెండవదానిలో 35,000 పౌండ్లు. అందుకే జర్మన్లు .380ని 'కుర్జ్' అన్నారు, ఇటాలియన్లు 'కోర్తో' అన్నారు. రెండింటికీ అర్థం పొట్టి అనే. మనం పొట్టి తొమ్మిది అనుకొందాం. అంటే నా శిష్యుడు రెండు కాలిబర్ల మధ్య ఊగిసలాడుతున్నానని అనుకొన్నాడు కాని, అవి రెండూ ఒకే లావు గుండ్లు.

దాచుకొనే పిస్తోలు కొత్తది కాదు. ఫిలడెల్ఫియాకు చెందిన హెన్రీ డెరింజర్ అనే తుపాకుల పనివాడు అరచేతిలో ఇమిడే పిస్తోళ్లు చేసి పేరు పొందాడు. 1865 ఏప్రిల్ 14 రాత్రి వాషింగ్టన్ నాటకశాలలో అబ్రహాం లింకన్‌ను బలిగొన్నది అతని పిస్తోలే. దానిలో పట్టేది ఒకే ఒక్క గుండు. ఆ తరువాత పనివాడి పేరు పిస్తోలు జాతికి పేరైపోయింది.

'ఎంత లావు గుండు కావాలి' అన్న వాదం పెద్దది కావటానికి కారణం ఫిలిప్పీన్స్ యుద్ధం. 1892లో అమెరికా సైన్యం పాత .45 రివాల్వర్లను తీసేసి .38 రివాల్వర్లు చేపట్టింది. 1899 తరువాత ఫిలిప్పీన్స్ దీవుల్లో, ముఖ్యంగా మోరో యోధులతో తలపడినప్పుడు, గుండ్లు తగిలినా కత్తి దూసి మీదికి వస్తున్నారని ఫిర్యాదులు వచ్చాయి. 1904లో జాన్ థాంప్సన్ అనే ఆయుధశాఖ అధికారినీ, లూయీ లగార్డ్ అనే సైనిక వైద్యుణ్ణీ విచారణకు నియమించారు. వారు చికాగో కబేళాలలో బతికి ఉన్న పశువుల మీదా, మానవ శవాల మీదా రకరకాల గుండ్లు కాల్చి చూశారు. చదవటానికే కష్టంగా ఉండే ప్రయోగాలవి. చివరకు .45కు తగ్గిన గుండు సైనిక పిస్తోలుకు పనికిరాదని తేల్చారు. మన సామెత ఉండనే ఉంది కదా, చిన్న పామునైనా పెద్ద కర్రతో కొట్టాలని! ఆ తీర్పు ఫలితంగానే 1911లో .45 కోల్ట్ పిస్తోలు సైన్యంలోకి వచ్చింది.

అయితే ఆ నివేదికలోనే మరొక మాట ఉంది. శరీరంలో కొన్ని మర్మస్థానాలకు తప్ప మరెక్కడ తగిలినా మనిషి వెంటనే ఆగుతాడన్న నమ్మకం లేదు, కనుక గురి కోసం సైనికులచేత ఎడతెగకుండా సాధన చేయించాలి అని. లోకం మొదటి మాటను నూరేళ్లు జపించి, రెండవ మాటను మరచిపోయింది. అంకె గుర్తుంచుకోవటం సులభం, సాధన చేయటం కష్టం.

ఇక్కడ జాన్ మోజెస్ బ్రౌనింగ్ గురించి చెప్పుకోవాలి. 1855లో ఊటా ప్రాంతంలోని ఆగ్డెన్‌లో పుట్టి, 1926లో బెల్జియంలోని లీయేజ్‌లో పనిచేస్తూనే కన్నుమూసిన మహాశిల్పి ఆయన. .32, .25, .45, .380 ఆటోమేటిక్ తూటాలన్నీ ఆయన కల్పించినవే. 1899 నుంచి 1908 వరకు, పదేళ్లలోపే అన్నీ పుట్టాయి. 9 × 19 మాత్రం 1902లో జర్మనీలో గియార్గ్ లూగర్ చేసినది. దానికి గల పారబెల్లం అన్న పేరు, యుద్ధానికి సిద్ధపడమనే లాటిన్ మాటల నుంచి వచ్చింది.

పొట్టి తొమ్మిది జేబు పిస్తోళ్లకు అంత ఇష్టమైనది కావటానికి ఒక యాంత్రిక కారణం ఉంది. పీడనం తక్కువ కనుక, గుండు గొట్టం దాటేదాకా వెనుక తలుపును బిగించి ఉంచటానికి వేరే గడియ అక్కర్లేదు. ఆ భాగం బరువూ స్ప్రింగు బలమూ చాలు. భాగాలు తక్కువ, మందం తక్కువ. 9 × 19కు మాత్రం సాధారణంగా గొట్టాన్నీ తలుపునూ క్షణకాలం కలిపి పట్టి ఉంచే గడియ ఏర్పాటు కావాలి.

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్నకు వస్తాను.

1914 జూన్ 28న సారయేవో వీధిలో గవ్రీలో ప్రిన్సిప్ అనే పంతొమ్మిదేళ్ల కుర్రవాడు రెండు గుండ్లు కాల్చాడు. ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్, ఆయన భార్య సోఫీ గంట తిరగకుండానే మరణించారు. ఆ తరువాత ప్రపంచం ఏమైపోయిందో మీకు తెలుసు. ఆ పిస్తోలు బ్రౌనింగ్ రూపొందించిన 1910 నమూనా. అందులోనిది .32 తూటా అని చాలా పుస్తకాలు రాశాయి, నిజానికి అది .380. 1948 జనవరి 30 సాయంకాలం ఢిల్లీలోని బిర్లా భవనంలో ప్రార్థనకు నడిచి వెళుతున్న గాంధీ మహాత్ముని మీద పేలిన మూడు గుండ్లూ బెరెట్టా 1934 నమూనా పిస్తోలువి. దాని తూటా కూడా ఈ పొట్టి తొమ్మిదే.

చాలదని, బలహీనమని ఆయుధ నిపుణులు తీసిపారేసిన తూటా ఇది. ఒక మహాయుద్ధానికి నిప్పు పెట్టటానికి అది చాలింది. ఒక జాతిపితను తీసుకుపోవటానికీ చాలింది.

మరి నిపుణులు చెప్పింది అబద్ధమా? కాదు. వారు అడుగుతున్న ప్రశ్న వేరు. చంపటం వేరు, ఆపటం వేరు. మెదడుకో వెన్నుపాముకో తగిలితే తప్ప మనిషి తక్షణం కూలబడి తీరాలన్న నియమం లేదు. గుండె పూర్తిగా దెబ్బతిన్నా, మెదడులో మిగిలిన ప్రాణవాయువుతో పది పదిహేను సెకన్లు కదలగలడని 1989 నాటి ఎఫ్.బి.ఐ. పత్రం చెబుతోంది. చిన్న గుండు తగిలినవాడు ఆ క్షణంలో ఆగకపోవచ్చు, అదే గాయంతో తరువాత ఆసుపత్రిలో చనిపోనూ వచ్చు. అంటే రక్షణలో తక్కువ, మరణంలో మాత్రం లోటు లేదు. దయగలదని మనం ఎంచుకొన్న గుండు చేసే పని అది.

ఇందుకు ఘోరమైన ఉదాహరణ 1986 ఏప్రిల్ 11న మయామీలో జరిగింది. ఎనిమిదిమంది ఎఫ్.బి.ఐ. ఉద్యోగులు ఇద్దరు దొంగలను చుట్టుముట్టారు. వారిలో ప్లాట్ అనేవాడికి ఒక 9 మి.మీ. గుండు కుడిచేతిలోంచి దూసుకుపోయి ఛాతీలో దిగింది. గుండెకు సుమారు ఒక అంగుళం ఇవతల ఆగిపోయింది. అది ప్రాణాంతకమైన గాయమే. అయినా అతడు పోరు ఆపలేదు. ఇద్దరు ఉద్యోగులు ప్రాణాలు కోల్పోయారు, అయిదుగురు గాయపడ్డారు. దొంగలిద్దరూ చనిపోయారు.

దుఃఖంలో ఉన్నవారు మళ్లీ అంకె దగ్గరికే వెళ్లారు. ఎఫ్.బి.ఐ. పెద్దదైన 10 మి.మీ. తూటాను తీసుకొంది. దాని తన్నుకు చాలామంది చేతులు నిలవలేదు. మందు తగ్గించారు. తగ్గించిన మందుకు అంత పొడవు తొడుగెందుకని కురచ చేస్తే 1990లో .40 పుట్టింది. 1997లో ఎఫ్.బి.ఐ. దానికి మారింది. 2014లో అదే సంస్థ శిక్షణ విభాగం, 9 మి.మీ. చాలునని కారణాలతో సహా రాసింది. గుండ్ల తయారీ మెరుగుపడి, మంచి గుండ్లు వాడితే 9 మి.మీ., .40, .45ల మధ్య గాయంలో చెప్పుకోదగ్గ తేడా లేదనీ, తన్ను తక్కువైనదానితో ఎక్కువమంది వేగంగా, గురిగా కాల్చగలరనీ దాని సారాంశం. ఆపద సమయంలో పోలీసులు కాల్చే గుండ్లలో సగటున 20–30 శాతమే తగులుతున్నాయని కూడా అందులో ఉంది. ముప్ఫై ఏళ్లు తిరిగి బయలుదేరిన చోటికే వచ్చారు. 1904 నివేదికలోని రెండవ మాటను అప్పుడే చదివి ఉంటే ఈ ప్రదక్షిణ తప్పేదేమో.

గుండు మాత్రం ఊరకే పోలేదు. మయామీ తరువాత ఎఫ్.బి.ఐ. ఒక పరీక్ష ఏర్పరచింది. మాంసంలాంటి మెత్తని జెలటిన్ దిమ్మలోకి గుండు కనీసం 12 అంగుళాలు దిగాలి, 18 దాటకూడదు. తక్కువైతే మర్మస్థానం చేరదు, ఎక్కువైతే అవతలివాడికి తగలవచ్చు. విచ్చుకొనే గుండు చిన్న పిస్తోలులోంచి వచ్చినప్పుడు పొట్టి తొమ్మిదికి ఈ పరీక్షే గండం. విచ్చుకొంటే లోతు చాలదు, లోతు దిగితే విచ్చుకోదు.

ఇంతవరకు వచ్చిన చిక్కు పిస్తోలు పరిమాణంలో ఉండేది. 2008 నాటి రూగర్ ఎల్.సి.పి. వంటి .380లు జేబులో ఇమిడేవి, 9 మి.మీ. పిస్తోళ్లు లావుగా ఉండేవి. 2018లో సిగ్ సావర్ వారి పి365 వచ్చి, చిన్న ఆకారంలోనే పది 9 మి.మీ. తూటాలు పట్టించింది. అయినా పిస్తోలు తేలికయ్యేకొద్దీ తన్ను పెరుగుతుంది. న్యూటన్ సూత్రానికి మినహాయింపు లేదు. వేళ్లలో బలం తగ్గినవారికి మెత్తగా నడిచే .380 ఇప్పటికీ మంచి ఎంపిక కావచ్చు. తగలని పెద్ద గుండు కన్న తగిలిన చిన్న గుండు మేలు.

మన దేశంలో ఈ తర్జనభర్జనే లేదు. 1959 నాటి ఆయుధ చట్టం కింద వచ్చిన నియమావళిలోనే అంకెలు రాసి పెట్టారు. అంచు కలిగిన .380, .455 తూటాలు గాని, సైన్యం వాడే 9 మి.మీ., అంచులేని .45 తూటాలు గాని పట్టే పిస్తోళ్లూ రివాల్వర్లూ నిషిద్ధ వర్గంలోకి వస్తాయి. ఇక్కడి .380 పాత బ్రిటిషు రివాల్వరు తూటా, బ్రౌనింగ్ తూటా కాదు. పేరొకటే, వస్తువులు రెండు. అందుకే మన పౌరులకు .32 సొంతమైంది. అందులోనూ కాన్పూరులో తయారైన రివాల్వరు తూటా వేరు, ఈషాపూరులో తయారైన అశని పిస్తోలు తూటా వేరు. ఒకదానిది మరొకదానికి పట్టదు. నానార్థాలు మన నిఘంటువులకే పరిమితమనుకొనేవాణ్ణి!

శిష్యుడికి ఫోను చేసి చెప్పాను. "నాయనా, నీ చేతికి ఏది నిలుస్తుందో కాల్చి చూడకుండా కొనకు. అభ్యాసశాలలో రెండూ అద్దెకు తీసుకొని కాల్చు. అయిదు గుండ్లు వేగంగా కాల్చి, అయిదూ అరచేయంత జాగాలో వేయగలిగినదే నీది. కొన్నాక నెలనెలా సాధన చేయలేనంటే అసలు కొనకు. ఇంట్లో పిల్లలున్నారు, తాళం లేకుండా ఒక్క క్షణమైనా ఉంచకు. రొక్కం అడిగితే ఇచ్చేయి. వీలైతే దుకాణం రెండు గంటలు ముందు మూసి, తోడుగా ఎవరినైనా పెట్టుకో. అది అన్నిటికన్న మంచి కాలిబర్."

అతడు నవ్వి, ఫోను భార్యకిచ్చాడు. సారయేవో సంగతీ, బిర్లా భవనం సంగతీ ఆమెకు చెప్పాను. కాసేపు మాట్లాడలేదు.

"అయితే చిన్నది కదా అన్న ధైర్యం లేదన్నమాట, మాస్టారూ" అంది.

"లేదమ్మా. పేల్చవలసి వస్తే ఒక ప్రాణం పోవచ్చునని ముందే ఒప్పుకొన్నవాళ్లే అది చేతబట్టాలి. ఏ అంకెకైనా అంతే" అన్నాను.

వాళ్లింకా ఏదీ కొనలేదు. ముందు దుకాణం వేళలు మార్చుకొన్నారట. వచ్చే శనివారం ఇద్దరూ అభ్యాసశాలకు వెళతామన్నారు. ఆయుధశాస్త్రం ఎరిగిన మిత్రులు ఈ రాతలో పొరపాట్లుంటే సవరించగలరు.

స్వస్తి.