ఛాతీమీద ఏనుగు

బలవంతుల కథలంటే మన ఆడవాళ్ళకి అంత సరదా ఉండదు. కండలూ, తొడలు చరుచుకోవడాలూ అంతా మగవాళ్ళ గోల అనుకుని వంటింట్లోకి వెళ్ళిపోతాం. నేనూ అంతే. కానీ మా పంజాగుట్టలో పిల్లల్ని కదిపితే చాలు, టీవీలో చూసిన అమెరికా వస్తాదుల పేర్లు అష్టోత్తరంలా అప్పజెపుతారు. “మనవాళ్ళలో అలాంటివాళ్ళు లేరా?” అని అడిగితే ఎంతమంది తల్లులం జవాబు చెప్పగలం చెప్పండి? అందుకే ఈ వారం కోడి రామ్మూర్తి నాయుడుగారిని తలుచుకుందాం.

ఆయనది ఉత్తరాంధ్రలో వీరఘట్టం. 1880ల మొదట్లో పుట్టారు. చిన్నతనంలోనే తల్లి పోయింది. విజయనగరంలో పినతండ్రి ఇంట పెరిగారు. చదువుమీదకంటే తాలింఖానామీదే మనసు. మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో డ్రిల్లు మాస్టారుగా చేరారు. అవునండీ, లోకమంతా “కలియుగ భీమ” అని పిలిచిన మనిషి మొదట బళ్ళో పిల్లల చేత దండీలు, బస్కీలు తీయించిన పంతులే!

తర్వాత సర్కస్ కంపెనీ పెట్టారు. ఒంటికి చుట్టిన ఇనపగొలుసుని ఊపిరి పూరించి తెంపడం, తాళ్ళు కట్టిన మోటారుకార్లని కదలనీయకుండా నిలబెట్టడం, ఛాతీమీద పలక వేయించుకుని ఏనుగుని ఎక్కించుకోవడం ఆయన విద్యలు. ఇందులో మంత్రమేం లేదు. పలక ఏనుగు బరువుని ఒళ్ళంతా సర్దుతుంది. లోపల బిగబట్టిన ఊపిరి ఛాతీని కూలిపోనివ్వదు. ఆ ఊపిరి పట్టుకి ప్రాణాయామమే మూలమనేవారట. పైగా శాకాహారి! మాంసం తింటేనే బలం అనేవాళ్ళకి ఇంతకంటే సమాధానం ఏం కావాలి?

అయితే జనం విరగబడి చూసింది ఏనుగుని మాత్రమే కాదనిపిస్తుంది నాకు. అది వందేమాతరం ఉద్యమం రోజులు. మీరు బలహీనులు కాబట్టే మేం ఏలుతున్నాం అని తెల్లదొరలు అంటున్న కాలం. 1905 ప్రాంతంలో యూజిన్ శాండో అనే యూరపు బలశాలి మన దేశమంతా తిరిగి చప్పట్లు కొట్టించుకుని వెళ్ళాడు. అలాంటప్పుడు మన ఊరి మనిషి ఒకడు ఏనుగు కింద పడుకుని, నవ్వుతూ లేచి నమస్కారం పెడితే ఎలా ఉంటుంది? డేరాలో కూర్చున్న ప్రతి గుమాస్తా ఛాతీ జానెడు పొంగి ఉంటుంది. బెంగాలులో సైతం “ప్రొఫెసర్ రామ్మూర్తి” పేరు మారుమోగింది.

ఇలాంటి కథే జపానులో ఒకటుంది. యుద్ధంలో ఓడిపోయి, 1952 దాకా అమెరికా సైన్యం నీడలో బతికిన దేశం అది. అక్కడ రికిడోజాన్ అనే వస్తాదు, సుమో కుస్తీ వదిలేసి వృత్తి కుస్తీలోకి దిగాడు. 1954 ఫిబ్రవరిలో షార్ప్ సోదరులనే ఇద్దరు తెల్ల వస్తాదుల్ని అరచేతి అంచుతో నరికినట్టు కొడుతూంటే, వీధుల్లో పెట్టిన టీవీల ముందు వేలకొద్దీ జనం మూగి చూశారు. ఆ సోదరులు నిజానికి కెనడావాళ్ళు. జనం కళ్ళకి అమెరికన్లే! ఈ వృత్తి కుస్తీల్లో ఎవరు గెలవాలో ముందే అనుకుంటారు. అయినా చూసినవాళ్ళ కన్నీళ్ళు మాత్రం నిజం.

ఇంకో చిత్రం వినండి. జపాను పరువు నిలబెట్టిన ఆ వీరుడు పుట్టుకతో కొరియావాడు. ఆ సంగతి బతికున్నన్నాళ్ళూ జనానికి తెలియనివ్వకుండా దాచుకోవలసి వచ్చింది. కొరియావాళ్ళంటే అక్కడ చిన్నచూపు మరి! 1963 డిసెంబరులో టోక్యో నైట్‌క్లబ్బులో ఒక రౌడీ కత్తితో పొడిస్తే, వారం తిరగకుండా పోయాడు. నలభై ఏళ్ళయినా నిండలేదు.

మన రామ్మూర్తిగారికి పుట్టుక దాచుకునే బాధ లేదు. బాధ మరోరకంగా వచ్చింది. గడించిన లక్షలు దానధర్మాలకీ సర్కస్‌కీ హరించుకుపోయాయంటారు. కాలికి పుండు లేచి, చివరికి కాలే తీసేయవలసి వచ్చింది. మత్తుమందు లేకుండానే కోయించుకున్నారని చెప్పుకుంటారు. చూశారా, ఆయన నొప్పిని కూడా మనం ప్రదర్శనగానే చెప్పుకున్నాం! 1942 జనవరిలో, సొంత ఊరికి దూరంగా, ఒరిస్సాలోని బలంగీర్‌లో కన్నుమూశారు. ఏ స్వాతంత్ర్యం కోసం జనం ఆయన ఛాతీ చూసి పొంగిపోయారో, అది రావడానికి ఇంకా అయిదేళ్ళుంది.

విశాఖ బీచిలో ఆయన విగ్రహముంది. శ్రీకాకుళంలో ఆయన పేర స్టేడియం ఉంది. సంతోషమే. అయినా ఒకమాట అనకుండా ఉండలేను. ఒక జాతి సిగ్గంతా ఒక్కడి రొమ్ముమీద మోపి చప్పట్లు కొట్టడం తేలిక. ఆట అయ్యాక జనం ఇళ్ళకి పోతారు. పుండుకి కట్టు కట్టుకోవలసింది మాత్రం ఆ ఒక్కడే. అందుకే ఏనుగుని మోసిన వీరుడికంటే, విజయనగరం బళ్ళో ఆ డ్రిల్లు మాస్టారే నాకు గొప్పగా కనిపిస్తారు. నా బలం చూడండి అనలేదు అక్కడ. మీరూ బలంగా ఉండండి అన్నారు.